సోషల్ సార్‌కు ఉత్తరాలు: హైదరాబాద్‌లో పుట్టిన రాష్ట్రపతి

ఈ నెల పేజీ మొత్తం ఒకే మనిషి గురించి. పోయిన నెల ఒక విద్యార్థికి జవాబు రాస్తూ, మన మూడో రాష్ట్రపతి డాక్టర్ జాకిర్ హుస్సేన్ హైదరాబాద్‌లో పుట్టారని ఒక్క వాక్యం రాశాను. ఆ ఒక్క వాక్యానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని నేను అనుకోలేదు. కొందరు నమ్మలేదు. కొందరు ఇంకా చెప్పమన్నారు. ఒకాయన మాత్రం, రెండేళ్లు కూడా నిండకుండా పోయిన రాష్ట్రపతి గురించి చెప్పడానికి ఏముంటుందని అడిగారు. 34 ఏళ్లు జిల్లా పరిషత్ బడుల్లో సోషల్ చెప్పినవాణ్ణి. ఆ మాట దగ్గర మనసు ఆగిపోయింది. అందుకే ఈసారి వేరే ప్రశ్నలన్నీ పక్కన పెట్టాను.

జాకిర్ హుస్సేన్ గారు నిజంగా మన హైదరాబాద్‌లో పుట్టారా సార్? ఆయన్ను మనవాడని చెప్పుకోవచ్చా?
– గ్రూప్స్‌కు ప్రిపేరవుతున్న పాఠకుడు, హనుమకొండ

పుట్టింది ఇక్కడే బాబూ, 1897 ఫిబ్రవరి 8న. వాళ్ల సొంతూరు మాత్రం ఉత్తరప్రదేశ్‌లో ఫరూఖాబాద్ జిల్లాలోని కాయంగంజ్. పఠాన్ల కుటుంబం. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ బతుకుదెరువు వెతుక్కుంటూ నిజాం రాజ్యానికి వచ్చి వకీలుగా నిలదొక్కుకున్నారు. ఉత్తరాది నుంచి చదువుకున్నవాళ్లు అలా హైదరాబాద్ రావడం ఆ రోజుల్లో మామూలే. ఏడుగురు కొడుకుల్లో జాకిర్ మూడోవాడు.

1907లో తండ్రి పోయారు. పిల్లవాడికి అప్పుడు పదేళ్లు. తల్లి పిల్లలందరినీ తీసుకుని కాయంగంజ్ వెళ్లిపోయింది. జాకిర్‌ను ఇటావాలోని ఇస్లామియా హైస్కూల్ బోర్డింగ్‌లో వేశారు. 1911లో ప్లేగు వచ్చి తల్లినీ తీసుకుపోయింది. పద్నాలుగేళ్లకే తల్లీ తండ్రీ లేరు. ఇక మిగిలింది బడి, హాస్టలు, అక్కడి హెడ్మాస్టరు. తర్వాతి రోజుల్లో ఆయన బడి గురించి మాట్లాడినప్పుడల్లా ఇల్లు గురించి మాట్లాడుతున్నట్టే ఉంటుంది. దానికి మొదలు ఇక్కడే ఉందని నాకు అనిపిస్తుంది.

మనవాడేనా అంటే, పరీక్షలో జన్మస్థలం హైదరాబాద్ అని ధైర్యంగా రాసెయ్. ఆయన తమ్ముడు యూసుఫ్ హుస్సేన్ ఉస్మానియా యూనివర్సిటీలో చరిత్ర చెప్పారు కాబట్టి ఆ ఇంటికీ మన ఊరికీ సంబంధం పూర్తిగా తెగలేదు కూడా. కానీ జాకిర్ సాబ్ మనిషిగా తయారైంది అలీగఢ్‌లో, బెర్లిన్‌లో, ఢిల్లీలో.

"జాకిర్ సాబ్" అనేది మా బాపు మాట. నల్గొండ జిల్లాలో మా ఊళ్లో బాపు వస్తానియా, అంటే మిడిల్ స్కూల్ దాకా ఉర్దూలోనే చదువుకున్నాడు. నిజాం కాలం చదువు కదా. తెలుగు చదవగలిగేవాడు కానీ సంతకం మాత్రం చివరిదాకా ఉర్దూలోనే. ఊళ్లోకి ఉర్దూ పేపర్ ఎప్పుడో ఒకసారి వచ్చేది, అదీ రెండు మూడు రోజుల పాతది. అందులో జాకిర్ హుస్సేన్ ఫోటో ఉంటే మమ్మల్ని పిలిచి చూపించేవాడు. "ఈయన రాజు గాదు బిడ్డా, పంతులు" అనేవాడు.

ఆయన్ను విద్యావేత్త అని పుస్తకంలో రాశారు. ఏం చేశారని ఆ పేరు?
– తొమ్మిదో తరగతి విద్యార్థిని, మిర్యాలగూడ

మంచి ప్రశ్న అమ్మా. విద్యావేత్త అని ఒక ముక్క రాసి వదిలేస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. వివరంగా చెబుతాను.

1920లో గాంధీ గారు సహాయ నిరాకరణకు పిలుపు ఇచ్చారు. బ్రిటిష్ ప్రభుత్వ డబ్బుతో నడిచే కాలేజీలను వదిలి బయటికి రమ్మన్నారు. జాకిర్‌కు అప్పుడు 23 ఏళ్లు. అలీగఢ్ కాలేజీలో ఒక పక్క చదువుతూ ఇంకో పక్క పాఠాలు కూడా చెబుతున్నారు. కాస్త ఓపిక పడితే మంచి ఉద్యోగం ఖాయం. ఆయన బయటికి వచ్చేశారు. అలా వచ్చినవాళ్లు, వాళ్ల వెనుక నిలబడ్డ హకీం అజ్మల్ ఖాన్, మౌలానా మహమ్మద్ అలీ, డాక్టర్ అన్సారీ వంటి పెద్దలు కలిసి 1920 అక్టోబర్ 29న జామియా మిల్లియా ఇస్లామియా మొదలుపెట్టారు. పేరు యూనివర్సిటీ. ఉన్నవి మాత్రం అలీగఢ్‌లో డేరాలు, అద్దె ఇళ్లు.

1922లో ఆయన పై చదువుకు బెర్లిన్ వెళ్లారు. బ్రిటిష్ ఇండియాలో వ్యవసాయ వ్యవస్థ మీద అర్థశాస్త్రంలో డాక్టరేట్ చేశారు. అక్కడ ఉండగానే గాలిబ్ కవితలను జేబులో పట్టే చిన్న పుస్తకంగా అచ్చు వేయించారు. ఆయనకు ఇటువంటి పనులంటే ప్రాణం.

ఇక్కడ జామియా పరిస్థితి దిగజారిపోయింది. టర్కీ ఖలీఫా పదవిని నిలబెట్టాలని మన దేశంలో నడిచిన ఖిలాఫత్ ఉద్యమం నుంచి వచ్చే డబ్బుతో నడిచే సంస్థ అది. 1924లో టర్కీయే ఖలీఫా పదవిని తీసేసింది. ఉద్యమం చల్లారింది, డబ్బు ఆగిపోయింది. మూసేద్దామన్న మాట వచ్చింది. గాంధీ గారు వద్దన్నారు. అవసరమైతే జోలె పట్టి అడుక్కొస్తానన్నారు. 1925లో సంస్థను అలీగఢ్ నుంచి ఢిల్లీ కరోల్‌బాగ్‌కు మార్చారు. జర్మనీలో ఉన్న జాకిర్ హుస్సేన్, ఆయన స్నేహితులు మహమ్మద్ ముజీబ్, ఆబిద్ హుస్సేన్ మాట్లాడుకుని, మా జీవితాలు జామియాకే ఇస్తాం, మేం వచ్చేదాకా మూయకండి అని కబురు పంపారు. 1926లో ముగ్గురూ వచ్చారు. 29 ఏళ్ల జాకిర్ వైస్ చాన్సలర్ అయ్యారు. 1948 దాకా, 22 ఏళ్లు, ఆ కుర్చీ వదల్లేదు.

ఆ వైస్ చాన్సలర్ జీతం నెలకు 100 రూపాయల లోపే. అదీ కొన్ని నెలల్లో పూర్తిగా చేతికి రాలేదు. 1927 చివర్లో హకీం అజ్మల్ ఖాన్ చనిపోయాక ఉన్న ఆసరా కూడా పోయింది. అప్పుడు కొందరు ఉపాధ్యాయులు ఒక ప్రమాణం చేశారు. 20 ఏళ్లు జామియాలోనే పనిచేస్తాం, నెలకు 150 రూపాయలకు మించి తీసుకోం అని. మామూలు జనం దగ్గర చిన్న చిన్న చందాలు పోగుచేసి బడి నడిపారు.

ఇప్పుడు దగ్గరి నుంచి ఒక దృశ్యం చూడు. పిల్లలు మాసిన బూట్లతో బడికి వస్తున్నారు. శుభ్రంగా తుడుచుకుని రమ్మని ఎన్నిసార్లు చెప్పినా మార్పు లేదు. ఒకరోజు పొద్దున పిల్లలు వచ్చేసరికి గేటు దగ్గర ఒకాయన బ్రష్, పాలిష్ డబ్బా పెట్టుకుని కూర్చున్నారు. మాసిన బూట్లతో వచ్చిన పిల్లవాణ్ణి ఆపి పాలిష్ చేస్తున్నారు. చూస్తే వైస్ చాన్సలర్. జర్మనీలో డాక్టరేట్ చేసిన మనిషి. మర్నాటి నుంచి ఇంకెవరికీ చెప్పాల్సిన పని పడలేదు.

ఇంకొకటి. 1935 మార్చి 1న ఢిల్లీ బయట ఓఖ్లా అనే పల్లెలో జామియా సొంత బడి భవనానికి పునాది రాయి వేశారు. అంతటి పెద్దవాళ్లు ఉన్న సంస్థ కదా, ఏ నాయకుడో వేస్తాడనుకుంటాం. బడిలో అందరికంటే చిన్న పిల్లవాడి చేత వేయించారు. నీకంటే చాలా చిన్నవాడమ్మా.

నేను ప్రైవేట్ స్కూల్ టీచర్‌ని. మూడు నెలలుగా జీతం లేదు. అడిగితే మా కరస్పాండెంట్ "పాతకాలం మహానుభావులు జీతం లేకుండా పాఠాలు చెప్పారు" అని జాకిర్ హుస్సేన్ గారి పేరే చెప్పారు. ఏమనాలి సార్?
– ఒక ఉపాధ్యాయిని, నంద్యాల

అమ్మా, మీ ఉత్తరం చదివి బాధ కలిగింది, కోపమూ వచ్చింది. ఆ పేరును అలా వాడుకోకూడదు.

జామియాలో ఉపాధ్యాయులు తక్కువ జీతానికి పనిచేసిన మాట నిజం. ఆ నిర్ణయం ఎవరిదో చూడాలి. వాళ్లు తమకు తాము పెట్టుకున్న నియమం అది. ఎవరో పైన కూర్చుని వాళ్ల మీద రుద్దింది కాదు. పైన కూర్చున్న మనిషి కూడా అదే ఇబ్బంది పడ్డాడు, ఆయన ఇల్లూ అదే ఇబ్బంది పడింది. అక్కడ ఫీజులు వసూలు చేసి లాభం చూసుకున్న యజమాని ఎవరూ లేరు. సంస్థ లెక్కలు ఉపాధ్యాయులందరికీ తెలుసు.

మీ స్కూల్ పరిస్థితి వేరు. పిల్లల దగ్గర ఫీజులు వస్తున్నాయి, మీ చేతికి జీతం రావడం లేదు. మీరు అడుగుతున్నది చేసిన పనికి డబ్బు. మీరు పనిచేసిన రోజుల హాజరు, అపాయింట్‌మెంట్ లెటర్, పాత జీతం జమ అయిన బ్యాంకు కాగితాలు జాగ్రత్తగా పెట్టుకోండి. నలుగురు టీచర్లు కలిసి రాతపూర్వకంగా అడగండి. అప్పటికీ కదలకపోతే మండల విద్యాధికారి దగ్గరికీ, లేబర్ ఆఫీసుకూ వెళ్లండి. మొహమాటపడకండి.

ఆయన మాటకొస్తే, గాంధీ గారి ముందే నిలబడి ఉపాధ్యాయుల గురించి ఏం హెచ్చరించారో కింద ఇంకో ఉత్తరానికి జవాబులో రాశాను. అదీ చదవండి.

కూతురు చనిపోయిందని తెలిసినా పిల్లలకు మిఠాయిలు పంచారని ఎక్కడో విన్నాను. కల్పించి చెప్పారా, నిజంగా జరిగిందా?
– ఒక అమ్మమ్మ, ఖమ్మం

జరిగిందమ్మా. ఆయనతో జీవితమంతా కలిసి పనిచేసిన ముజీబ్ గారే రాసి పెట్టారు.

ఆయన కూతుళ్లలో ఒక పాప పేరు రెహానా. మూడేళ్ల పిల్ల. ఒకరోజు ప్రైమరీ బడి పిల్లలకు ఆయన తన చేతులతో మిఠాయిలు పంచుతున్నారు. ప్యూన్ వచ్చి చెవిలో ఏదో చెప్పాడు. ఆయన ముఖం పాలిపోయింది. అయినా చెయ్యి ఆగలేదు. వరసలో ఆఖరి పిల్లవాడి దాకా పంచారు. కాసేపటికి అక్కడివాళ్లకు విషయం తెలిసింది, పాప పోయిందని. వెంటనే ఎందుకు వెళ్లలేదని అడిగితే, పిల్లలు అంత సంతోషంగా ఉన్నారు, ఆపబుద్ధి కాలేదు అన్నారట.

ఈ సంగతి నేను క్లాసులో రెండుసార్లు చెప్పాను. మొదటిసారి చెప్పినప్పుడు నాకింకా పెళ్లి కాలేదు. కర్తవ్యం, త్యాగం అని గట్టిగా చెప్పాను. రెండోసారి చెప్పేనాటికి నా కూతురికి మూడేళ్లు. సగంలో గొంతు పట్టేసింది, బోర్డు వైపు తిరిగాను. ఇది గొప్పతనమా, ఇంటికి పరుగెత్తడమే న్యాయమా అని మీరు అడిగితే ఇవాళ్టికీ నేను తేల్చి చెప్పలేను. ఆ పాప తల్లి షాజహాన్ బేగం వైపు నుంచి చూస్తే ఇంకోలా కనిపిస్తుంది.

ఒక్క సంగతి మాత్రం మీకు చెప్పాలి. ఆయన పిల్లల కోసం ఉర్దూలో కథలు రాశారు. వాటిని తన పేరుతో అచ్చు వేయలేదు. రచయిత పేరు ఉండాల్సిన చోట రుకయ్యా రెహానా అని ఆ పాప పేరు పెట్టారు.

మా నాన్న చిన్నప్పుడు బడిలో తకిలీ మీద నూలు వడికారట. అది జాకిర్ హుస్సేన్ పెట్టిన చదువేనా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు

మీ నాన్న గారికీ నాకూ ఒకే వయసు అయ్యుంటుంది. నేనూ వడికాను.

1937 అక్టోబర్‌లో వార్ధాలో గాంధీ గారు విద్యావేత్తలను పిలిచి సభ పెట్టారు. ఏడేళ్ల చదువు అందరికీ ఉచితంగా, తప్పనిసరిగా ఉండాలి. మాతృభాషలో ఉండాలి. ఒక చేతిపని చుట్టూ పాఠాలన్నీ అల్లుకోవాలి. నయీ తాలీమ్ అన్నా, బేసిక్ విద్య అన్నా అదే. దాన్ని పాఠ్యప్రణాళికగా మార్చే కమిటీకి జాకిర్ హుస్సేన్ అధ్యక్షుడు. డిసెంబర్‌కల్లా నివేదిక ఇచ్చేశారు.

ఆయన గాంధీ గారి మాటకు తల ఊపి ఊరుకున్న మనిషి కాదు. చేతిపని ద్వారా చదువు అనేది పూర్తిగా కొత్త ఆలోచనేమీ కాదని, ప్రపంచంలో వేరేచోట్ల కూడా ఉందని ఆ సభలోనే చెప్పారు. పిల్లలు తయారుచేసిన వస్తువులు అమ్మి బడి ఖర్చు వెళ్లదీయాలన్న ఆలోచన ఆయన్ను ఇంకా భయపెట్టింది. డబ్బే లెక్క అయితే పంతులు మేస్త్రీ అయిపోతాడు, పేద పిల్లల కష్టాన్ని పిండుకుంటాడు అని హెచ్చరించారు. ఆ హెచ్చరిక నివేదికలోనూ ఉంది. నంద్యాల టీచర్ గారికి చదవమన్నది ఇదే.

ఇక మా బడి సంగతి. వారానికి రెండు పీరియడ్లు నూలు. ఒక్కొక్కరికి ఒక తకిలీ, రెండు ఏకులు, అంటే వడకడానికి చుట్టిన దూది, ఇచ్చేవారు. ఏకు కొసను కొక్కేనికి తగిలించి, తకిలీని తొడ మీద దొర్లించి వదిలితే గిరగిరా తిరుగుతూ కిందికి దిగేది. పైన ఏకును వేళ్ల మధ్య మెత్తగా వదలాలి. ఎక్కువ వదిలితే నూలు లావవుతుంది, గట్టిగా పట్టుకుంటే పుటుక్కున తెగుతుంది. నాది రోజూ తెగేది. నా పక్కన కూర్చునే పద్మశాలి పిల్లవాడిది ఒక్కసారి కూడా తెగలేదు. లెక్కల్లో రోజూ బెత్తం దెబ్బలు తినే ఆ పిల్లవాడు ఆ పీరియడ్‌లో మాకు పంతులు. మా సార్ కూడా వాడి చేతులే చూసేవారు.

జాకిర్ హుస్సేన్ కమిటీ కోరుకున్నది అక్కడి నుంచి ఇంకో అడుగు. ఆ పిల్లవాడు వడికిన నూలు ఎన్ని గజాలు, ఎన్ని చిలపలు, ఎంత పత్తికి ఎంత నూలు అని అక్కడే లెక్కలు చెప్పాలి. ఆ పత్తి ఏ నేలలో పండుతుందో భూగోళం, మన నేతపనివాళ్ల మగ్గాలు ఎలా మూలపడ్డాయో చరిత్ర చెప్పాలి. మా బడిలో నూలు పీరియడ్ నూలుదే, లెక్కల పీరియడ్ లెక్కలదే. రెండూ కలవలేదు. సార్‌కు ఎవరూ నేర్పలేదు మరి. కొన్నాళ్లకు తకిలీలన్నీ ఒక డబ్బాలో వేసి అటక మీద పెట్టేశారు. బేసిక్ విద్య చాలాచోట్ల ఎందుకు ఎత్తిపోయిందని పెద్ద పుస్తకాలు ఉన్నాయి. నాకు మాత్రం ఆ డబ్బానే గుర్తొస్తుంది.

ముస్లిం నాయకులు చాలామంది పాకిస్తాన్ వెళ్లిపోయినప్పుడు ఈయన ఎందుకు వెళ్లలేదు?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

వెళ్లాలనుకోలేదు కాబట్టి. వాళ్ల ఇంట్లోనే ఒక తమ్ముడు మహమూద్ హుస్సేన్ అటు వెళ్లి అక్కడ మంత్రి కూడా అయ్యారు. ఈయన జామియా దగ్గరే ఉండిపోయారు.

1946 నవంబర్‌లో జామియాకు పాతికేళ్ల పండుగ చేశారు. దేశమంతా మతకల్లోలాలు. కాంగ్రెస్‌కూ ముస్లిం లీగ్‌కూ మధ్య మాటలే లేవు. ఆ రోజు ఒకే వేదిక మీద ఒక పక్క నెహ్రూ, ఆజాద్, రాజాజీ, ఇంకో పక్క జిన్నా, లియాఖత్ అలీ ఖాన్. అప్పట్లో వాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టడం ఒక బడిపంతులుకే చేతనైంది. ఆయన వాళ్ల మొహం మీదే చెప్పారు. ఈ మంట ఎవరు పెట్టారని వాదించుకునే సమయం కాదిది, ఇల్లు కాలుతోంది, ముందు ఆర్పండి అని.

తర్వాతి ఏడాది ఆగస్టులో కశ్మీర్ వెళుతూ జలంధర్ స్టేషన్‌లో ఆయనే అల్లరిమూక చేతిలో పడ్డారు. ప్రాణం దక్కడం కష్టమే అనుకున్న సమయంలో ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే అధికారి కాపాడారు. ఢిల్లీ తిరిగొచ్చి మళ్లీ శరణార్థుల పనిలో దిగారు. 1948లో అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ వైస్ చాన్సలర్‌గా వెళ్లారు. విభజనతో చెదిరిపోయిన ఆ యూనివర్సిటీని ఎనిమిదేళ్లపాటు నిలబెట్టారు. కుర్రవాడిగా 1920లో వదిలి వచ్చిన చోటే అది.

రాష్ట్రపతి రబ్బర్ స్టాంప్ కదా సార్! అలాంటి పదవిలో ఒక పంతులు కూర్చుంటే ఏంటి, ఇంకొకరు కూర్చుంటే ఏంటి?
– లా విద్యార్థి, విశాఖపట్నం

లా చదువుతున్నారు కాబట్టి 74వ అధికరణం మీకు నేను చెప్పక్కర్లేదు. మంత్రిమండలి సలహా ప్రకారమే రాష్ట్రపతి నడుచుకోవాలి. జాకిర్ హుస్సేన్ గారు కూడా అలాగే నడిచారు. 1957లో బిహార్ గవర్నర్, 1962లో ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న, 1967లో రాష్ట్రపతి. ఈ తేదీలు పోటీ పరీక్షలవాళ్లు రాసుకోండి. వాటి మీద నేను ఎక్కువ చెప్పను.

ఆ ఎన్నిక గురించి మాత్రం చెప్పాలి, అందులో మన మనిషి ఉన్నాడు. 1967 సాధారణ ఎన్నికల్లో కాంగ్రెస్ చాలా రాష్ట్రాలు పోగొట్టుకుంది. లోక్‌సభలో 520కి 283 సీట్లతో బయటపడింది. కాంగ్రెస్‌లోనే కొందరు పెద్దలు రాధాకృష్ణన్ గారినే కొనసాగిద్దామన్నారు. ఇందిరాగాంధీ మాత్రం జాకిర్ హుస్సేన్ గారి వైపు నిలబడ్డారు. ప్రతిపక్షాలు ఎదురు నిలబెట్టింది మన రాజమండ్రి బిడ్డ కోకా సుబ్బారావు గారిని. అప్పటికి ఆయన సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి. ఫిబ్రవరిలోనే, ప్రాథమిక హక్కులను పార్లమెంటు కూడా తగ్గించలేదన్న గోలక్‌నాథ్ తీర్పు ఇచ్చి దేశమంతా చర్చకు కారణమైన మనిషి. ఏప్రిల్‌లో రాజీనామా చేసి పోటీకి దిగారు. జాకిర్ హుస్సేన్ గారికి 4,71,244 ఓట్ల విలువ, సుబ్బారావు గారికి 3,63,971 వచ్చాయి. మొదటి ముస్లిం రాష్ట్రపతి అయ్యారు. మా ఊరి అరుగు మీద పెద్దలు ఆ పోటీని హైదరాబాద్‌లో పుట్టినాయనకూ రాజమండ్రి ఆయనకూ జరిగిన పోటీగానే మాట్లాడుకున్నారు.

ఇప్పుడు మీ ప్రశ్న. మే 13న ప్రమాణం చేశాక ఆయన చేసిన ప్రసంగం దొరికితే చదవండి. ఈ గౌరవం తనకు దక్కింది ముఖ్యంగా ఇన్నేళ్లు జనం చదువుతో పెనవేసుకున్నందుకేనని అందులో అన్నారు. భారతదేశమంతా నా ఇల్లు, ఈ ప్రజలే నా కుటుంబం అని కూడా అన్నారు. విభజన జరిగి ఇరవై ఏళ్లే అయింది. జలంధర్ స్టేషన్‌లో చావు దాకా వెళ్లొచ్చిన మనిషి ఆ మాట అన్నాడు. అధికారం లేని కుర్చీలో మిగిలేది మాటే, ఆ మాటకు బరువు రావాలంటే దాని వెనుక జీవితం ఉండాలి. అందుకే ఎవరు కూర్చున్నా ఒకటేనన్న మాటతో నేను ఏకీభవించను.

సెప్టెంబర్ 5 ఉంది కదా, ఫిబ్రవరి 8న కూడా ఏదైనా చేయొచ్చు కదా?
– హెడ్మాస్టర్, జగిత్యాల

చేయండి సార్, ఎవరి అనుమతీ అక్కర్లేదు. 1962 నుంచి 1967 దాకా దేశంలో మొదటి రెండు కుర్చీల్లోనూ పంతుళ్లే ఉన్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం నడిపిన రాధాకృష్ణన్ గారు ఒక కుర్చీలో, జామియా నడిపిన జాకిర్ హుస్సేన్ గారు ఇంకో కుర్చీలో. మీ బడిలో గులాబీ మొక్కలు నాటించండి. ఆయనకు గులాబీలంటే చాలా ఇష్టం. చండీగఢ్‌లో పెద్ద గులాబీ తోటకు ఆయన పేరే పెట్టారు.

ఆయన ఎలా చనిపోయారు? ఆ రోజు మీకు గుర్తుందా?
– ఒక పాఠకురాలు, సూర్యాపేట

1969 మే 3, శనివారం. ఈశాన్య రాష్ట్రాల పర్యటన నుంచి అలసిపోయి వచ్చారు. ఆ పొద్దున రాష్ట్రపతి భవన్‌లో డాక్టర్లు మామూలుగా చూడడానికి వచ్చారు. ఇప్పుడే వస్తానని బాత్రూంలోకి వెళ్లినవారు అక్కడే కుప్పకూలారు. గుండెపోటు. పదవిలో ఉండగా చనిపోయిన మొదటి రాష్ట్రపతి ఆయనే.

నాకు అప్పుడు పదహారేళ్లు. ఆ ఏడాది మాకు చదువు సరిగా సాగలేదు, తెలంగాణ ఉద్యమం నడుస్తోంది. రెండు రోజుల ముందు మే డే నాడు హైదరాబాద్‌లో ఊరేగింపు, కాల్పులు. ఊరంతా ఆ టెన్షన్‌లోనే ఉంది. హైదరాబాద్‌లో చదివే పిల్లలున్న ఇళ్లలో పొయ్యి కూడా వెలిగించలేదు. పంచాయతీ ఆఫీసు రేడియో దగ్గర మేమంతా ఆ వార్తల కోసమే కూర్చున్నాం. పాటలు ఆగిపోయి సన్నగా వాయిద్యం మొదలైంది. ఎవరో పెద్ద మనిషి పోయాడని అందరికీ అర్థమైంది. పేరు చెప్పాక మా బాపు లేచి తలకున్న రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక గూట్లో దాచిన పాత ఉర్దూ పేపర్ తీసి, ఫోటో ఉన్న వైపు పైకి వచ్చేలా మడిచి మళ్లీ అక్కడే పెట్టాడు.

తర్వాత జరిగింది మీకు తెలిసే ఉంటుంది. ఉపరాష్ట్రపతి వి.వి. గిరి గారు తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. ఆగస్టులో జరిగిన ఎన్నికలో గిరి గారికీ నీలం సంజీవరెడ్డి గారికీ పోటీ. ఇద్దరూ తెలుగువాళ్లే. ఆ గొడవలో కాంగ్రెస్ పార్టీయే రెండుగా చీలింది. ఆ హడావుడిలో జాకిర్ హుస్సేన్ గారి పేరు జనం నోట్లోంచి జారిపోయింది.

కొన్నేళ్ల క్రితం మా అమ్మాయి ఉద్యోగం పని మీద ఢిల్లీ వెళ్లినప్పుడు ఓఖ్లా వెళ్లాను. రాష్ట్రపతిగా పోయిన మనిషిని తీసుకొచ్చి జామియా ఆవరణలోనే ఖననం చేశారు. సమాధి కట్టడాన్ని హబీబ్ రెహమాన్ అనే ఆర్కిటెక్ట్ గీశారు. నేను వెళ్లింది మధ్యాహ్నం. గోడ నీడన ఇద్దరమ్మాయిలు నోట్సు ముందేసుకుని ఒకరికొకరు పాఠం అప్పజెప్పుకుంటున్నారు. నన్ను చూసి గొంతు తగ్గించారు. మీరు చదువుకోండమ్మా అన్నాను.